సారు తిట్టిండని బిడ్డ చెప్పినప్పుడు

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో బడి మీద పిల్లల ఫిర్యాదు సూటిగా బయటికి రాదు. సోమవారం పొద్దున కడుపు నొప్పిగా వస్తుంది. లెక్కల నోట్సు కనిపించడం లేదనో, చెప్పు తెగిందనో వస్తుంది. రెండు మూడు రోజులు అట్లా గడిచాక ఏ రాత్రో నాయినమ్మ పక్కలో పడుకున్నప్పుడు అసలు మాట బయటపడుతుంది: "సారు నన్ను ఊకె కొడ్తుండు." విన్న పెద్దల నోట వెంటనే వచ్చే ప్రశ్న కూడా చాలా ఇళ్లలో ఒకటే: "నువ్వేం జేసినవ్?"

ఆ ప్రశ్న అడిగేవాళ్లకు బిడ్డ మీద ప్రేమ లేక కాదు. సారు ఊరికే ఎందుకు కొడతాడన్న నమ్మకం, చదువు చెప్పేవాడి మీద తరాలుగా ఉన్న గౌరవం వాళ్ల చేత అట్లా అడిగిస్తాయి. కానీ ఆ ఒక్క మాటతో తన బాధ చెప్పుకున్న పిల్ల జవాబు చెప్పుకోవాల్సిన పిల్ల అవుతుంది. ఈ విషయం మీద వచ్చిన సర్వేలు, చట్టాలు, ఉపాధ్యాయుల వాదనలు, తల్లిదండ్రుల భయాలు అన్నీ ముందు పెట్టుకుని చూస్తే నాకు స్పష్టంగా తోచేది ఇది. చెప్పడంతో పిల్లల పని అయిపోవాలి. ఆ తర్వాతి పనంతా పెద్దలది. మన దగ్గర మాత్రం ఇంట్లో, హెడ్మాస్టరు గదిలో, మండల ఆఫీసులో, ప్రతి మెట్టు దగ్గరా ఆ బరువును మళ్లీ బిడ్డ నెత్తినే పెడుతున్నాం.

పిల్లలు అతిగా చెబుతున్నారా అన్న అనుమానం ఉన్నవాళ్లు కొన్ని అంకెలు చూడాలి. యంగ్ లైవ్స్ అనే అంతర్జాతీయ అధ్యయనం ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో మొదలైంది. ఇక్కడ సుమారు 3,000 మంది పిల్లలను ఏళ్ల తరబడి అనుసరించింది. ఎంచుకున్న జిల్లాల్లో మన పాలమూరు, అంటే మహబూబ్‌నగర్, ఒకటి. ఆ నాలుగు దేశాల సమాచారంతో యూనిసెఫ్ పరిశోధన కేంద్రం 2015లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, మన దగ్గర ఎనిమిదేళ్ల పిల్లల్లో 78 శాతం మంది అంతకు ముందు వారంలోనే టీచరు చేత దెబ్బ తిన్నామని చెప్పారు. ఇతర పిల్లలను కొట్టగా చూశామన్నవాళ్లు పదిమందిలో తొమ్మిదిమందికి పైనే. పదిహేనేళ్ల వయసుకు వచ్చేసరికి దెబ్బలు తిన్నవాళ్లు 34 శాతం. అంటే నోరు తెరిచి సరిగ్గా చెప్పలేని చిన్న వయసులోనే దెబ్బలు ఎక్కువ. బడి ఎందుకు నచ్చదని అడిగితే టీచర్లో తోటిపిల్లలో కొట్టడం, తిట్టడం కారణమని చెప్పినవాళ్లు మన దగ్గర పావు వంతుకు పైగా ఉన్నారు.

దేశమంతటి లెక్కలూ దీనికి దూరంగా లేవు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో వెలువరించిన అధ్యయనంలో బడికి వెళ్లే పిల్లల్లో 65 శాతం మంది బడిలో దెబ్బలు తిన్నామన్నారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ సర్వేలో ఉంది. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2009-10లో ఏడు రాష్ట్రాల్లో 6,632 మంది పిల్లలతో మాట్లాడితే, ఏ శిక్షా పడలేదన్నవాళ్లు తొమ్మిదిమంది మాత్రమే. ఆ నివేదికలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది బెత్తం లెక్క కాదు. 81 శాతం మంది పిల్లలు "నీకు చదువు రాదు" అన్న అర్థం వచ్చే మాటలు టీచరు నోట విన్నారు. బెత్తం దెబ్బ సాయంత్రానికి వాత తేలి తల్లి కంట పడుతుంది. ఈ మాట ఎవరి కంటా పడదు. కెనడాలోని క్యూబెక్‌లో పిల్లలను చిన్నతనం నుంచి యవ్వనం దాకా అనుసరించిన పరిశోధకులు, టీచర్ల మాటల వేధింపుకు గురైన పిల్లలు తర్వాతి కాలంలో చదువులోనూ ప్రవర్తనలోనూ ఎక్కువ ఇబ్బందులు పడ్డారని గుర్తించారు.

అయినా తల్లిదండ్రులు ఎందుకు అడగరు? యంగ్ లైవ్స్ బృందంలోనే వర్జీనియా మారో, రేణు సింగ్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లల, తల్లిదండ్రుల అభిప్రాయాలను 2014లో విడిగా పరిశీలించారు. కొందరు తల్లిదండ్రులు దెబ్బ లేకపోతే చదువు రాదన్నారు, కొందరు బాధపడ్డారు, చాలామంది ఈ రెండింటి మధ్యా ఊగారు. మన ఊళ్లలో ఆ ఊగిసలాట వినని వాళ్లుండరు. బడిలో వేసిన నాడు "కండ్లు రెండు ఇడిసిపెట్టి యాడన్న కొట్టుండ్రి సారూ" అని చెప్పి వచ్చిన తండ్రి, మూడేళ్ల తర్వాత కొడుకు వీపు మీద ఈత బరిగె వాతలు చూసి ఏ నోటితో అడగాలో తెలియక ఊరుకుంటాడు. ఆనాడు ఇచ్చిన అనుమతి తనను కట్టేసిందనుకుంటాడు. కట్టెయ్యలేదు. చట్టం ప్రకారం అట్లాంటి అనుమతి ఇచ్చే హక్కు ఏ తండ్రికీ లేదు, తీసుకునే హక్కు ఏ సారుకీ లేదు.

మిగతా చోట్ల కంటే పాలమూరు, నల్లగొండ అనే ఈ రెండు పాత జిల్లాల్లో బడి మీద అయిష్టానికి ఖరీదు ఎక్కువ. 2016, 2019 విభజనల తర్వాత ఇవి ఎన్ని జిల్లాలైనా బతుకు మాత్రం పెద్దగా మారలేదు. నగరంలో మధ్యతరగతి బిడ్డ బడి మీద అలిగితే ఇంకో బడికి మారుతుంది. గద్వాల వైపు ఒక ఆడపిల్ల బడి మానేస్తే ఎదురుగా సీడుపత్తి చేలున్నాయి. అక్కడ పువ్వు పువ్వుకూ క్రాసింగ్ చేయడానికి ఆడపిల్లల చేతులను వాడుకున్న చరిత్ర 1990ల నుంచి పరిశోధకుల నివేదికల్లో నమోదై ఉంది. చేనుకు పోకపోతే పెళ్లి. మగపిల్లవాడైతే గుంపు మేస్త్రీ వెంట హైదరాబాదుకో, పుణెకో, ముంబైకో వలస. కాబట్టి ఇక్కడ "బడికి పోను" అన్న మాటను మారాం అనుకుని వదిలేయడానికి లేదు. ఒక్క ఏడాది పట్టించుకోకపోతే ఆ మాట అక్షరాలా నిజమవుతుంది.

వలస వల్ల ఇంకో చిక్కు కూడా ఉంది. తల్లిదండ్రులు పనికి పోయిన ఇళ్లలో పిల్లలు అవ్వాతాతల దగ్గర ఉంటారు. చెప్పుకోవడానికి ఆ ముసలివాళ్లే దిక్కు. వాళ్లకు బడి గడప ఎక్కి సారుతో మాట్లాడే చనువు ఉండదు. తండ్రి ఫోన్ చేస్తే పిల్ల ఏం చెబుతుంది? దూరాన కూలి చేసుకునే నాన్నను దుఃఖపెట్టడం ఇష్టం లేక బాగానే ఉన్నా అంటుంది.

ఎవరిని తిడుతున్నారన్నది కూడా చూడాలి, ఎందుకంటే మాటల దెబ్బ అందరికీ సమానంగా పడదు. దేవరకొండ తండాల నుంచి వచ్చే లంబాడి పిల్లలకు ఇంటి భాష వేరు, బడి భాష వేరు. ఒకటో తరగతిలో వాళ్లు నోరు విప్పకపోతే అది మొద్దుతనం కాదు, అర్థం కాకపోవడం. నారాయణపేట వైపు కన్నడం మాట్లాడే ఇళ్ల పిల్లలదీ అదే పరిస్థితి. తెలుగే మాట్లాడే పిల్లలకూ ప్రైవేటు బడిలో ఆ తెలుగే నేరమవుతుంది. కడప జిల్లా మైదుకూరులో ఒక బడి తెలుగు మాట్లాడిన పిల్లల మెడలో ఇక మాట్లాడమని రాసిన పలకలు వేసిన సంగతి 2009లో రాష్ట్రమంతా చూసింది. పాలమూరులో దేవత పేరిట అంకితం చేసిన జోగినుల పిల్లలకు హాజరు పట్టీలో తండ్రి పేరు గడి ఒక శిక్ష. క్లాసు మధ్యలో "మీ నాయిన పేరేంది" అని టీచరు ఏ దురుద్దేశమూ లేకుండా అడిగినా సరే, ఆ పిల్ల మళ్లీ ఆ క్లాసులో తలెత్తడం కష్టం. నల్లగొండలో మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరాల్లో గార పట్టిన పళ్లు, వంగిన కాళ్లు ఉన్న పిల్లలెందరో. అట్లాంటి పిల్లలకు గుంజీలు, గోడకుర్చీ శిక్షగా వేయడమంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. అవమానం చదువును ఎట్లా దెబ్బతీస్తుందో పరిశోధకులు కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్‌లో చేసిన ప్రయోగం చూపించింది. 2004లో ప్రచురించిన ఆ పరిశోధనలో ఆరు, ఏడు తరగతుల పిల్లలకు కాగితం మీద చిక్కుదారుల పజిళ్లు ఇచ్చారు. కులం ప్రస్తావన లేనప్పుడు దళిత పిల్లలు ఇతరులతో దాదాపు సమానంగా చేశారు. అందరి ముందూ కులం పేరు చదివాక వాళ్ల ఫలితం పడిపోయింది. తెలివి అదే, పజిలూ అదే.

ఇక ఇంట్లో చేయాల్సిన పని. దీని గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఫిర్యాదులు చాలావరకు ఇక్కడే చచ్చిపోతున్నాయి.

మొదటి ప్రశ్న మార్చుకోవాలి. "నువ్వేం జేసినవ్" బదులు "ఏం జరిగింది బిడ్డా, చెప్పు" అనాలి. ఆ తర్వాత మధ్యలో అడ్డుపడకుండా వినాలి. ఏ పీరియడ్‌లో, ఏమన్నాడు, ఎవరెవరున్నారు, ఇంతకు ముందు కూడా జరిగిందా అన్న నాలుగు సంగతులు నెమ్మదిగా తెలుసుకుంటే చాలు. విన్నది ఆ రాత్రే తేదీతో ఒక కాగితం మీద రాసుకోవాలి. రాయడం రాకపోతే పక్కింటి ఇంటర్ పిల్లతో రాయించుకోవచ్చు. పిల్ల చేత ఆ కథ మళ్లీ మళ్లీ చెప్పించకూడదు. మేనమామ వచ్చినప్పుడు ఒకసారి, పక్కింటామె వచ్చినప్పుడు ఒకసారి "చెప్పవే, సారు ఏమన్నడో చెప్పు" అని నిలబెట్టడం మన ఇళ్లలో మామూలు. చెప్పిన ప్రతిసారీ పిల్లకు అవమానం మళ్లీ జరుగుతుంది, పైగా ప్రతిసారీ మాట కొంచెం మారుతుంది. రేపు ఎవరైనా విచారణ చేస్తే ఆ మార్పునే పట్టుకుని అబద్ధమంటారు.

"ఎవ్వరికీ చెప్పకు" అని పిల్ల మాట తీసుకుంటుంది. ఆ మాట ఇవ్వకూడదు. "నీకు చెప్పకుండా ఏమీ చెయ్య" అని మాత్రం ఇవ్వాలి, నిలబెట్టుకోవాలి.

పిల్ల ముందే సారును బూతులు తిట్టడం ఇంకో పొరపాటు. ఆ క్షణానికి పిల్లకు అండ దొరికినట్టే ఉంటుంది. తెల్లారి ఆ సారు పాఠమే వినాలి కదా. "ఆయన చేసింది తప్పు, నేను మాట్లాడతా" అన్న మాట చాలు. ఇంకా చెడ్డది, బడి నుంచి దెబ్బ తిని వచ్చిన పిల్లను ఇంట్లో మళ్లీ కొట్టడం. ఆ రోజు నుంచి పిల్ల చెప్పడం మానేస్తుంది. రేపు ఇంతకంటే ఘోరం జరిగినా చెప్పదు.

పిల్ల చెప్పింది నిజమా అన్న ప్రశ్న రాకూడదని నేను అనడం లేదు. ఒక్కోసారి పిల్ల హోంవర్క్ చేయకపోవడం నిజం, సారు అందరి ముందూ తల్లిని కలిపి తిట్టడమూ నిజం. ఈ రెండింటినీ కలిపి కొట్టేసుకోనివ్వకూడదు. హోంవర్క్ సంగతి ఇంట్లో చూసుకోవచ్చు, తిట్టిన సంగతి బడిలో అడగాలి. కొన్ని కారణాలు పిల్లకే తెలియవు. బోర్డు కనిపించక తప్పులు రాసే పిల్లను అజాగ్రత్త అని తిడుతుంటారు. అక్షరాలు తారుమారయ్యే పిల్లకు చదువు వైకల్యం ఉండొచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దాన్ని గుర్తించిన వైకల్యాల్లో చేర్చింది. చూపు, వినికిడి ఒకసారి పరీక్ష చేయిస్తే తిట్లలో సగం ఎందుకు వస్తున్నాయో తేలిపోయే పిల్లలున్నారు. అదే బెంచీ మీద కూర్చునే ఇద్దరు పిల్లల తల్లులతో మాట్లాడితే సారు తీరు అందరితో అంతేనా, ఈ ఒక్క పిల్లతోనేనా అన్నది తెలుస్తుంది. అందరితో అంతే అయితే బడి సమస్య. ఒక్క పిల్లతో అయితే ఇంకా తొందరపడాలి.

ఇదంతా తిట్లు, చిన్న దెబ్బలు, పక్షపాతం గురించి. సారు ఎక్కడో ముట్టుకున్నాడని, ఒంటరిగా ఉండమన్నాడని, ఫోన్‌లో ఏదో చూపించాడని పిల్ల చెబితే దారి పూర్తిగా వేరు. అప్పుడు సారుతో మాట్లాడకూడదు, హెడ్మాస్టరు రాజీ చేస్తానన్నా వినకూడదు, ఊరి పెద్దమనుషుల పంచాయితీలో పెట్టకూడదు. నేరుగా పోలీసుల దగ్గరికి, లేదా 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు తెలపడం బాధ్యత. తెలిసీ దాచిపెట్టిన బడి పెద్ద కూడా శిక్షకు అర్హుడే.

మామూలు ఫిర్యాదుల విషయంలో మొదటి మెట్టు ఆ టీచరే అని నా అభిప్రాయం. నేరుగా పై అధికారి దగ్గరికి పోతే చాలాసార్లు మాట్లాడుకుంటే తీరిపోయేది పట్టుదలకు పోతుంది. వెళ్లేటప్పుడు పిల్లను వెంట తీసుకెళ్లి మధ్యలో నిలబెట్టొద్దు. పదిమందిని వేసుకుని పోవద్దు. ఒంటరిగా పోవడానికి జంకితే చదువుకున్న బంధువు ఒకరు చాలు. పాఠం జరుగుతున్నప్పుడు తలుపు దగ్గర నిలబడి అడగొద్దు, బడి విడిచాక అడగాలి. "సారూ, మా పిల్ల రోజు పొద్దుగాల ఏడుస్తున్నది. బడిల ఎట్లుంటుందో మీరే చెప్పుండ్రి" అని మొదలుపెడితే సారుకు తన వైపు చెప్పుకునే చోటు దొరుకుతుంది. విన్న తర్వాత ఒక్కటే అడగాలి, స్పష్టంగా అడగాలి: "తప్పు జేస్తే నాకు చెప్పుండ్రి, అందరి ముందర మొద్దు అని అనకుండ్రి." మంచిగా చూసుకోండని అడిగితే ఎవరైనా సరేనంటారు, ఏమీ మారదు. ఒక నిర్దిష్టమైన మాటైతే రెండు వారాల తర్వాత మారిందో లేదో తేలుతుంది. నెలనెలా జరిగే తల్లిదండ్రుల సమావేశాలు, జూన్‌లో టీచర్లు ఇల్లిల్లూ తిరిగే బడిబాట కూడా ఇందుకు అనువైన సందర్భాలే. బడిబాటలో సారే మన గడపకు వస్తాడు, మన పిల్లను పంపమని అడుగుతాడు.

టీచర్ల వైపు నుంచి కూడా ఈ ప్రశ్నను చూడాలి. మారుమూల తండాల్లో ఒక్క టీచరే ఐదు తరగతులు చెప్పే బడులున్నాయి. మధ్యాహ్న భోజనం లెక్కలు, ఆన్‌లైన్ హాజరు, ఎన్నికల పనులు అన్నీ ఆ ఒక్కరి మీదే. ప్రైవేటు బడుల్లో చాలామంది కొద్ది జీతానికి రోజంతా తీరిక లేకుండా పాఠాలు చెబుతారు, మార్కులు తగ్గితే యాజమాన్యం నిలదీస్తుంది. ఆ ఒత్తిడి చివరికి కింద ఉన్నవాళ్ల మీదే పడుతుంది. ఇది కారణం. దీన్ని క్షమాపణగా నేను ఒప్పుకోను. ఇదే నేల మీద, ఇవే ఇబ్బందుల మధ్య పనిచేసిన టీచర్లే వేరే దారి చూపారు. శాంతా సిన్హా నడిపించిన ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో, తర్వాత నల్లగొండలోనూ పనిలో ఉన్న పిల్లలను బడికి తెచ్చింది. ఆ పనిలో ప్రభుత్వ టీచర్లు బాల కార్మిక విమోచన వేదికగా ఏర్పడి ఊళ్లు తిరిగారు. చేలో పనిచేసి వచ్చిన పన్నెండేళ్ల పిల్లకు అక్షరాలు నేర్పడం ఎంత ఓపిక అడిగే పనో వాళ్లకు తెలుసు. అట్లాంటి పిల్లను ఒక్క వెక్కిరింపు మాటతో మళ్లీ చేనుకు పంపేయొచ్చు. శాంతా సిన్హా 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యాక బడుల్లో దండన మీద గట్టిగా నిలబడడం ఈ అనుభవానికి కొనసాగింపే.

టీచరుతో మాట్లాడినా మారకపోతే కాగితం మీదికి రావాలి. చట్టం ఏం చెబుతుందో ఇక్కడ కొంచెం వివరంగా చూడాలి. ఢిల్లీ హైకోర్టు 2000 డిసెంబరులో అక్కడి బడి నియమాల్లోని దండన అనుమతిని కొట్టేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002లో విద్యా నియమావళిలోని 122వ నిబంధనను సవరించి బడుల్లో కొట్టడాన్ని నిషేధించింది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. అంటే "మొద్దు", "దద్దమ్మ", "మీ కులపోళ్లకు సదువెందుకు" అనే మాటలూ చట్టం పరిధిలోనివే. ఉల్లంఘించిన టీచరు మీద సర్వీసు నిబంధనల ప్రకారం చర్య తీసుకోవాలి. 32వ సెక్షన్ కింద స్థానిక అధికార సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే, ఇరువైపులా విని మూడు నెలల్లోగా తేల్చాలి. అక్కడ న్యాయం దొరకలేదనిపిస్తే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు చేయొచ్చు.

ఈ చట్టంలో ఒక ఖాళీ ఉంది. అది 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకే వర్తిస్తుంది. తొమ్మిది, పది తరగతుల పిల్లల్లో చాలామంది దాని బయట పడతారు. వాళ్లకు 2015 నాటి బాల న్యాయ చట్టమే అండ, అది 18 ఏళ్ల దాకా ఉంటుంది. దాని 75వ సెక్షన్ పిల్లల పట్ల క్రూరత్వానికి మూడేళ్ల వరకు, పిల్లల సంరక్షణ అప్పగించిన సంస్థల సిబ్బందికైతే ఐదేళ్ల వరకు జైలు శిక్ష విధిస్తుంది. టీచరు కొట్టిన ప్రతి దెబ్బకూ ఇది వర్తిస్తుందా అన్నదానిపై కోర్టుల తీర్పులు ఒక్కలాగా లేవు. చెవి పగిలినా, చెయ్యి విరిగినా సందేహమే అక్కర్లేదు. అట్లాంటప్పుడు ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి కాగితం తీసుకోవాలి, రాజీకి ఒప్పుకోకూడదు. కులం పేరుతో నలుగురి ముందు దూషిస్తే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉండనే ఉంది.

కాగితం నడిచే దారి మన దగ్గర ఇట్లా ఉంటుంది: హెడ్మాస్టరు, మండల విద్యాధికారి, జిల్లా విద్యాధికారి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణి. ప్రతి చోటా రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద సంతకం, తేదీ, ముద్ర వేయించుకోవాలి. నోటిమాటగా చెప్పిన అర్జీ గాలికి పోతుంది. ఇందులో కూలి మనిషికి నష్టం ఏమిటో ఆఫీసుల్లో కూర్చున్నవాళ్లకు గుర్తుండాలి. "సారు లేడు, రేపు రా" అన్న ఒక్క మాట ఖరీదు ఒక రోజు కూలి. రెండుసార్లు అట్లా తిరిగిన తల్లి మూడోసారి రాదు, ఫిర్యాదు పరిష్కారమైనట్టు లెక్కలో చేరుతుంది.

బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది ఆడవాళ్లుండాలని చట్టం చెబుతుంది. తెలంగాణలో 2024 నుంచి మహిళా సంఘాలతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. ఇవి ఎక్కువగా మరుగుదొడ్లు, కరెంటు, రిపేర్ల పనులే చూస్తున్నాయి. కమిటీ సమావేశంలో గోడల పగుళ్ల గురించి మాట్లాడుకున్నట్టే పిల్లలతో టీచర్లు ఎట్లా మాట్లాడుతున్నారో కూడా మాట్లాడుకోవచ్చు. ఒక తల్లి ఒంటరిగా అడగలేనిది అయిదుగురు తల్లులు కూర్చుని అడిగితే ఎవరి పిల్ల పేరూ బయటికి రాదు. కక్ష సాధింపు భయానికి నాకు తెలిసిన మంచి మందు ఇదే. అన్‌ఎయిడెడ్ ప్రైవేటు బడులకు ఆ కమిటీ నిబంధన లేదు. అక్కడ ఫీజు బాకీ, టీసీ ఇవ్వరేమో అన్న భయం తల్లిదండ్రుల నోరు కట్టేస్తాయి. ప్రభుత్వ బడికి మారాలనుకుంటే టీసీ వెంటనే ఇవ్వాలని, అది ఆలస్యమైనా కొత్త బడి చేర్చుకోవాల్సిందేనని విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ చెబుతుంది. ఈ సంగతి తెలిస్తే ఆ భయం సగం తగ్గుతుంది.

కక్ష భయం ఉత్తది కాదు. పదో తరగతిలో 20 అంతర్గత మార్కులు టీచర్ల చేతిలో ఉంటాయి. ఫిర్యాదు చేసిన మర్నాడు పిల్లను ప్రశ్నలడగడం మానేస్తారు, వెనక బెంచీకి పంపుతారు, "మీ అమ్మకు చెప్పుకో పో" అంటారు. అందుకే ఫిర్యాదు తీసుకున్న హెడ్మాస్టరు టీచరును పిలిచి మాట్లాడి ఊరుకుంటే పని అయినట్టు కాదు. ఆ తర్వాత నెల రోజులు ఆ క్లాసు వైపు కన్నేసి ఉండాలి, వీలుంటే సెక్షను మార్చాలి. ఏం జరిగిందో పిల్లకు కూడా చెప్పాలి. పెద్దవాళ్లు తమలో తాము తేల్చుకుని పిల్లకు చెప్పకపోతే, తన మాట ఎక్కడికో పోయి ఆగిపోయిందనే పిల్ల అనుకుంటుంది.

ఈ మధ్య టీచర్ల నుంచి వినిపించే మాట ఒకటుంది: పిల్లలను ఏమీ అనకూడదంటే క్రమశిక్షణ ఎట్లా, ఇప్పటికే భయం లేకుండా పోయింది. దీన్ని కొట్టిపారేయలేం. ఫోన్లు, గుట్కా, క్లాసులో ఎదురుతిరగడం ఉన్నత పాఠశాలల్లో నిజంగానే ఉన్నాయి. దానికి జవాబు బెత్తమా అన్నదే ప్రశ్న. పోలండ్ 1783లోనే బడుల్లో కొట్టడాన్ని నిషేధించింది, స్వీడన్ 1979లో ఇంట్లో కూడా నిషేధించింది. ఆ దేశాల్లో బడులు మూతపడలేదు. మన భాషలో రచయిత చలం, పిల్లలను కొట్టకుండా పెంచాలంటూ 'బిడ్డల శిక్షణ' పుస్తకం రాసి దశాబ్దాలు గడిచాయి. మన టీచర్లకు కావాల్సింది బెత్తం తిరిగి ఇవ్వడం కాదు, క్లాసును నడిపే శిక్షణ, క్లాసులో తక్కువ మంది పిల్లలు, బడికి ఒక కౌన్సెలర్. ఒక సారు గోడకుర్చీ వేయిస్తే ఆ గంట నిశ్శబ్దంగా ఉంటుంది, అంతే. ఆ నిశ్శబ్దంలో లెక్క నేర్చుకున్న పిల్లలు ఎంతమంది?

అన్నిటికంటే కష్టమైన చోటు గురుకులాలు. దేశానికి దారి చూపిన గురుకులం ఉమ్మడి నల్లగొండ జిల్లా సర్వేల్‌లోనే 1971లో, పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మొదలైంది. పేద పిల్లలను డాక్టర్లను, ఇంజినీర్లను చేసిన వ్యవస్థ అది. ఇప్పుడు రాష్ట్రంలో అలాంటి బడులు దాదాపు వెయ్యి ఉన్నాయి. అక్కడి పిల్లకు సాయంత్రం ఇంటికి పోయి నాయినమ్మ పక్కలో పడుకుని చెప్పుకునే వీలు లేదు. కొట్టిన టీచరే రాత్రి స్టడీ అవర్‌లో ఉంటుంది, ఫోన్ అనుమతి ఇచ్చేదీ ఆమే కావచ్చు. ఆదివారం కలవడానికి వచ్చిన తల్లి చుట్టూ పదిమంది వింటుంటారు. విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో ఇచ్చిన మార్గదర్శకాలు వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలకు అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలన్నాయి, మార్కుల ఆధారంగా వేరు చేయడం, బహిరంగంగా అవమానించడం వద్దన్నాయి. గురుకులాలకు ఇది అన్నిటికంటే ముందు వర్తింపజేయాలి.

కౌన్సెలర్ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. వారంలో ఒక నిర్ణీత సమయంలో సిబ్బంది ఎవరూ వినకుండా ప్రతి పిల్లా ఇంటికి మాట్లాడగలగాలి. ఆదివారాలు తల్లులు కలిసే చోటు ప్రిన్సిపాల్ గది ముందు కాకుండా చెట్టు కిందనో, ఖాళీ తరగతి గదిలోనో ఉండాలి. ఫిర్యాదుల పెట్టె తాళం ప్రిన్సిపాల్ దగ్గర ఉంటే ఆ పెట్టెలో ఎవరూ కాగితం వేయరు. తాళం జిల్లా బాలల పరిరక్షణ అధికారి దగ్గర ఉండాలి. ఆయనో, ఆయన పంపిన మనిషో నెలకు రెండుసార్లు వచ్చి తెరవాలి. తెరిచిన కాగితాల మీద ఏం చేశారో, పేర్లు లేకుండా, వచ్చే నెల ప్రార్థన సమావేశంలో పిల్లలందరికీ చదివి వినిపించాలి.